మంచు లేని కుందేలు

క్రిస్మస్ పోయి మూడు వారాలైనా ఫిన్లాండులో మా సరస్సు ఒడ్డున మంచు పడలేదు. ఆవిరిస్నానపు గుడిసె ముందు ఇరుగుపొరుగు ముసలివాళ్లు ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్లలో చిన్నవాడి భుజాన తుపాకి, చేతిలో చచ్చిన తెల్ల కుందేలు.

“అన్నా, సగం నీకే. నీ పొలంలో కొట్టాను గదా.”

“నాకొద్దు. ఇవాళ నీకు కాఫీ కూడా లేదు.”

“ఇది వేటకాలమే గదా, తప్పేముంది?”

“వేటంటే మంచులో దాని అడుగులు పట్టుకుని పోవాలిరా. అది వెనక్కీ పక్కకీ గెంతి నిన్ను తిప్పలు పెట్టాలి. ఇవాళ ఎంత దూరం నడిచావు?”

“ఇరవై అడుగులుంటాయేమో. నల్లటి దుక్కిలో దీపంలా కనబడితే ఏం చెయ్యమంటావు?”

“పారిపోయిందా?”

“లేదు. చెవులు వాల్చుకుని కదలకుండా కూర్చుంది.”

“మరి! మంచులో ఉన్నాననుకుందిరా అది. నీకు కనబడననుకుంది. చలికాలం రాగానే గోధుమరంగు పోయి దాని వేళకి అది తెల్లబడింది. రావలసిన మంచు రాకపోతే దాని తప్పా? నెల్లాళ్లుగా రోజూ దాని పక్కనుంచే పోతూ, చూడనట్టు తల తిప్పుకున్నాను. సిగ్గులేదూ నీకు?”

చిన్నవాడి చూపు కట్టెల పేర్పు దగ్గర ఆగింది. దాని పక్కన ఇంకో రెండు తెల్లటి చెవులు వాలి, ఊపిరికి సన్నగా కదులుతున్నాయి.

“ఏం చూస్తున్నావు?” అని పెద్దాయన గద్దించాడు.

“ఏం లేదన్నా. కట్టెలే.”

చిన్నవాడు తుపాకిలోంచి తూటాలు తీసి జేబులో వేసుకున్నాడు.

“అయితే లోపలికి రా. కాఫీ పెడతాను.”