మేక కొరికిన గంజాయి చెట్టు

మద్దిలేటి అని ఒగాయన ఉన్నాడంట, గొడ్లకు మందులిచ్చేటోడు. ఊరికి ఎడంగా, గుట్ట కింద ఒంటి కొట్టం. పెండ్లాం వయసులో ఉండంగానే కలరా వచ్చి పోయింది, బిడ్డల్లేరు, మళ్ళా చేసుకోరా అని పోరు పెట్టేదానికి అమ్మా నాయినా కూడా లేరనుకో. ఎద్దుకు కడుపు ఉబ్బిందంటే ఊర్లోవాళ్ళు పరిగెత్తుకుంటా వస్తారు, ఎద్దు లేచి నిలబడితే తోలుకొని పోతారు, మళ్ళా ఇంకో ఎద్దుకు ఉబ్బేదాకా ఆ తట్టు మనిషి తిరిగి చూడడు. ఆయప్ప కూడా అట్లాంటోడేలే. నోట్లో నాలిక ఉందా లేదా అన్నట్లు ఉండేటోడంట. మందు ఎట్ల పొయ్యల్లో చెప్తాడు, తలుపు దగ్గరికి ఏస్తాడు. ఒంటిగా ఉండి ఉండి మాటలు తుప్పు పట్టిపొయ్యినాయని మా అవ్వ అంటా ఉండేది. ఒలుస్తా ఇనండి, చేతులు ఆపగాకండి, ఈ చెనిక్కాయలు వాటంతట అవి ఒలుచుకోవు.

ఆయప్ప వాకిట్లో ఒగ గంజాయి చెట్టు. ఏమిటికి నవ్వుతారు? అప్పట్లో దాన్ని అడిగినోడు లేడు. ఇప్పుడు పెంచితే పోలీసోళ్ళు జీపులో ఏసుకొని పోతారు, మీరెవురన్నా పెంచి దొరికిపోతే నా పేరు ఎత్తగాకండి. ఎద్దుకు నొప్పి తగ్గేదానికి ఆ ఆకు రవ్వంత మందులో పడల్లంట. ఒగ చిటికెడు ఆయప్ప చిలుంలో కూడా పడేది, అది ఎద్దుకు తెలీదులే. ఏమైందంటే, వానలు పడినాక నాలుగైదు ఇత్తనాలు ఏస్తాడు, మొలుస్తాయి, నడుమెత్తు పెరిగినాక ఏది పోతో ఏది ఆడదో చూసుకొని పోతు మొక్కల్ని పీకి పారేస్తాడు. ఆడది ఒగటే మిగులుతాది. పోతు పక్కన లేకుంటేనే పూత బంక బంకగా, ఘాటుగా వస్తాదంట. తోడు లేకుండా పెంచితేనే మందుకు పనికొస్తాదంట, చూడు, ఏ మారాజు కనిపెట్టినాడో. దానికి దడి కట్టి, కంప కొట్టి, పసిబిడ్డను చూసుకున్నట్లు చూసుకుంటా ఉండేటోడు.

ఊర్లో సుంకులమ్మ అని ఒగామె. మొగుడు బాయి తవ్వేకాడ మన్ను ఇరిగి మీదపడి పొయ్యినాడు. బిడ్డలు కలగలా. మరిది ఇంట్లో వసారాలో ఒగ మూల ఇచ్చినారు, ఆ మూలనే ఆమె బతుకు. తోటికోడలు ఆమెతో మాట్లాడదు, మరిది మాట్లాడితే తోటికోడలు మరిదితో మాట్లాడదు. ఈమెకేమో నోరు బండెడు. మాట్లాడకుంటే కడుపు ఉబ్బే రకం. ఏం జేస్తాది, మూడు మేకలుంటే వాటితో మాట్లాడుకుంటా గుట్ట ఎంబడి తిరుగుతా ఉండేది. వాటిల్లో బొల్లి మేక ఒగటి, మాయదారిది. కార్తీక మాసంలో, చెట్టు నిండా పూత మీదుండే యాళ, మద్దిలేటి పక్కూరికి ఎద్దును చూసేదానికి పోతే, ఈ బొల్లి మేక కంప మీద కాళ్ళు పెట్టి లోపలికి దుమికిందంట. తల కొరికింది, కొమ్మలు తొక్కింది, నడిమి పంగకాడ చెట్టు నిలువునా చీలి సగం ఈ తట్టు, సగం ఆ తట్టు నేలకు వాలింది. పూతతో ఉండే కొమ్మలు నార పట్టుకొని యాలాడుతా ఉన్నాయి. ఆయప్ప వచ్చి చూసి, నెత్తిమీది తువ్వాలు తీసి ఆడనే కూలబడినాడంట. పెండ్లాం పొయ్యిన దినం కూడా ఏడ్వలా ఆ మనిషి, ఆ పొద్దు ఏడ్సినాడని చెప్పుకున్నారు.

పంచాయితీ పెద్ద కంబగిరయ్య. మా తట్టు అప్పుడు కట్టుబాటు ఏందంటే, పూతమీద ఉండేదాన్ని ఎవురి గొడ్డు మేస్తే, వాళ్ళు దుడ్లు గిడ్లు కట్టేది లేదు, వాళ్ళే వచ్చి దానికి చాకిరి చెయ్యల్ల, అది మళ్ళా లేచేదాకా. సుంకులమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకొని, ఒగ చెట్టుకు నేను చాకిరి జెయ్యల్లనా, అది నాకేమన్నా అత్తనా మామనా అని అరిచిందంట. కంబగిరయ్య ఏమన్నాడంటే, అది ఊరి గొడ్ల మందమ్మా, పొద్దున ఒగ కడవ, సాయంత్రం ఒగ కడవ నీళ్ళు నువ్వే మోసకపోవల్ల, మద్దిలేటి తన నోటితో 'లేచింది' అని చెప్పేదాకా నీ తప్పు తీరదు, తప్పు తీరకుండా సచ్చినా అది నీ మెడ మీదనే ఉంటాది అన్నాడు. మామూలుగా అయితే మొగుడు లేని ఆడమనిషి ఒంటి మొగోని కొట్టంకాడికి పోతే ఊరు ఊరుకుంటాదా, తోలు ఒలిచి ఆరేస్తాది. కానీ ఇది తీర్పు. తీర్పు మీద నోరు తెరిచేదానికి లేదు.

మొదటి దినం కోపంగా కడవెత్తి నీళ్ళు మొత్తం చెట్టు మొదట్లో కుమ్మరించిందంట. మద్దిలేటి పరిగెత్తుకొని వచ్చినాడు. సంపుతావా దాన్ని, నొప్పిమీద ఉండే మనిషికి కుండెడు సంగటి పెడతారా, మన్ను తడి ఆరినాక రవ్వంత పొయ్యల్ల, ఎరువు అసలే ఏయకూడదు, దానికిప్పుడు తినే ఓపిక లేదు అన్నాడంట. ఆయప్ప అన్ని మాటలు ఒగ్గసారి మాట్లాడింది అదే మొదులు. ఇంక ఇద్దురూ కూచున్నారు. చీలిన పంగను దగ్గరికి తీసి ఆమె పట్టుకునింది, ఆయన పాత పంచె పేలికలు చించి కట్టు కట్టినాడు, పైన ఎర్రమన్ను పేడ కలిపి మెత్తినాడు. ఎద్దుకు కాలిరిగితే కట్టేదీ అదే కట్టు, ఇదీ అదే. యాలాడే కొమ్మలకు పంగల కర్రలు నాటి ఆనించినారు. నలిగిన ఆకులు గిల్లేసినారు, పూత మీద మటుకు చెయ్యి పెట్టొద్దు అన్నాడంట. ఎండ తగలకుండా తడికె అడ్డం పెట్టినారు. ఇంక కనిపెట్టుకొని ఉండేదే, తొందర చేస్తే మాననిది మానదు అన్నాడు.

అట్ల పొద్దున వస్తాది, సాయంత్రం వస్తాది. నీళ్ళు పోసేది చెంబెడే, మాటలు మటుకు కడవెడు. తోటికోడలు సద్ది ఎట్ల దాచిపెడతాదో, మరిది పొలం గట్టు ఎట్ల జరిపినాడో, బొల్లిమేకకు ఎన్ని తిట్లు పెట్టిందో అన్నీ చెప్తాది. ఆయన ఇంటాడు. పోతు చెట్లను ఏమిటికి పీకేస్తావు అని అడిగిందంట ఒగనాడు. ఒంటిగా ఉంటేనే దీనికి బలం అన్నాడు. ఎవురు చెప్పినారు నీకు, అదేమన్నా నోరు తెరిచి చెప్పిందా అనింది. ఆయన నవ్వినాడంట, పండ్లు కనపడేట్లు. మరుసనాడు పొద్దున చూస్తే చెట్టుకాడ కూచునేదానికి రెండో రాయి ఏసి ఉందంట. ఆయప్ప నడుము నొప్పితో దొర్లించుకొని వచ్చిందే. ఆమె చూసి, దాని మీద కూచునింది. పోయేముందర దినామూ అడిగేది, ఏం మందులాయనా, లేచిందా అని. ఇంకా లేదు అనేటోడు.

లేవకపోవడమేంది, దాని మొహం. ఇరవై దినాలకు పంగకాడ ముడి మాదిరి గట్టిపడింది, కొమ్మలు కర్రల్ని వదిలి వాటంతట అవి నిలబడినాయి, పక్కనుంచి కొత్త చిగుర్లు, దాని మీద పూత, దోవలో పోయేటోనికి కూడా వాసన కొడతాండాది. ఆమెకేమన్నా కండ్లు లేవా? ఉన్నాయి. అయినా దినామూ అడుగుతాది, ఆయన దినామూ లేదంటాడు. ఇట్లుండగా ఒగ సాయంత్రం కంబగిరయ్య కోడెదూడను పట్టుకొని వచ్చినాడు. చెట్టును చూసినాడు. ఏం మద్దిలేటీ, లేచినట్లుండాదే అన్నాడు. సుంకులమ్మ కడవ చంకనేసుకొని ఆడనే నిలబడి ఉంది. మద్దిలేటి చెట్టుకాడికి పొయ్యినాడంట, కొమ్మ మీద చెయ్యేసినాడంట. అప్పుడు ఆయప్ప మనసులో ఏముందో నేను చెప్తా ఇను, ఇంత గట్టిగా పట్టుకొని ఇరిచేద్దామనే ఉంది. చెయ్యి రాలా. తన చేత్తో కట్టు కట్టి నిలబెట్టినదాన్ని ఎట్ల ఇరుస్తాడు. చెయ్యి తీసేసి, లేచిందయ్యా అన్నాడు. ఆమె కడవలో నీళ్ళు మెల్లిగా మొదట్లో వంచింది. అయితే నా తప్పు తీరినట్లేనా అనింది. తీరినట్లే అన్నాడు. పొయ్యింది. ఒగ మాట అనుంటే ఏం పోయేది అంటారు మీరు. ఏమని అంటాడు? ఏ పనీ లేకుండా దినామూ రా అంటాడా, ఊరి పెద్ద ముందర?

ఆయన కొట్టంలో ఆయన, ఆమె వసారాలో ఆమె. ఆయప్పకు చెట్టుకాడ కూచోబుద్ధి కాలా, కొట్టంలో ఉండబుద్ధి కాలా. రెండు రాళ్ళుంటే ఏ రాయి మీద కూచున్నా రెండోది కనపడతాది కదా. ఎవురిదో ఎనుముకు మందు పోస్తా, దానితో మాట్లాడబోయినాడంట, అది మొహం తిప్పుకునింది. ఆడ సుంకులమ్మ బతుకు ఇంకా ఘోరం. మేపు లేదని మరిది మూడు మేకల్నీ సోమారం సంతకు తోలి అమ్మేసినాడు. మాట్లాడేదానికి మేక కూడా లేదు. నీళ్ళకని కడవ తీసకొని పోతే కాళ్ళు వాటంతట అవే గుట్ట తట్టుకు తిరుగుతాండాయంట. సగం దూరం పొయ్యి, ఎవురన్నా చూస్తారని మళ్ళుకునేది. అట్ల ఎనిమిది దినాలు. తొమ్మిదో దినం పొద్దున్నే రచ్చకట్టకాడ పదిమంది కూచోనుండంగా ఈమె వచ్చి నిలబడింది. అయ్యా, నా మేక మళ్ళా మద్దిలేటి చెట్టును కొరికింది, తీర్పు చెప్పండి అనింది.

అందరూ మొహాలు చూసుకున్నారు. ఏ మేకమ్మా అన్నాడు కంబగిరయ్య. బొల్లిది అనింది. మరిది లేచి, మేకల్ని మొన్న సోమారం సంతలో అని ఇంకా ఏందో అనబోయినాడు, నిన్ను అడిగినానా, కూచో అన్నాడు పెద్దాయన. అందరూ గుట్ట కిందికి పొయ్యినారు. చూస్తే అడుగున ఒగ చిన్న కొమ్మ ఇరిగి ఉంది. పూత తక్కువుండే కొమ్మ, ఏరి ఏరి ఇరిచినట్లుంది. పంటి గాటు లేదు. కింద డెక్క గుర్తు లేదు. కంప చెక్కు చెదరలా, దడి తలుపుకు ముడి కూడా ఏసే ఉంది. ఏ మేక ముడేసి పోతాది చెప్పు. కంబగిరయ్య అంతా చూసినాడు, మీసం దువ్వుకున్నాడు. ఏం మద్దిలేటీ, మేకను నువ్వు కండ్లారా చూసినావా అన్నాడు. మద్దిలేటి కొమ్మను చూసినాడు, ఆమెను చూసినాడు. ఆమె నేలను చూస్తాండాది, చెవులు ఎర్రగా కాలిపోతాండాయి. పుట్టి బుద్ధెరిగినాక పదిమంది ముందర ఒగ అబద్ధం ఆడి ఎరగడు ఆ మనిషి. చూసినానయ్యా, బొల్లిదే అన్నాడు. కంబగిరయ్య కూడా పెండ్లాం పొయ్యినోడేలే, మీకు చెప్పడం మరిసినా. అయితే తీర్పు పాతదే, లేచిందని మద్దిలేటి చెప్పేదాకా అనేసి, ఎనక్కి చూడకుండా పొయ్యినాడు.

ఇంక మద్దిలేటి చెప్తాడా? గంజాయి చెట్టు ఎన్నాళ్ళు బతుకుతాది, మాఘమాసానికి పండి ఎండిపాయె. ఆకూ పూతా కోసి ఎండబెట్టుకున్నాడు, జానెడు మోడు మిగిలింది. మరుసనాడు పొద్దున సుంకులమ్మ కడవతో వచ్చి, మోడుకు చెంబెడు నీళ్ళు పోసింది. లేచిందా అనింది. ఇంకా లేదు అన్నాడు. పక్కన కొత్త ఇత్తనాలు ఏసినాడు, అవి పెరిగినాయి, పూసినాయి, పొయ్యినాయి. ఆమె మటుకు ఆ ఎండిన మోడుకే పోస్తాండాది, పొద్దున ఒగ తూరి, సాయంత్రం ఒగ తూరి, తొమ్మిదేండ్లు. మోడు చివికి మన్నులో కలిసిపోతే ఆ మన్నుకు పోసింది. ఊరంతా ఆ దోవనే చేండ్లకు పోతాది, ఊరంతా చూసింది, ఒగరు కూడా ఇదేంది అని అడగలా. ఇద్దరికీ ముడిపెట్టి ఒగ కొట్టంలో ఉండమంటే నీతులు చెప్పే ఊరే, మన్నుకు నీళ్ళు పోస్తే మాత్రం ఊరుకునింది. ఊరి నీతి అట్ల ఉంటాది, ఏం జేస్తాం.

తొమ్మిదో ఏడు వానకాలంలో ఆమెకు జరమొచ్చింది. రెండు దినాలు రాలా. మూడో దినం పొద్దున ఊర్లో డప్పు ఇనపడింది. మద్దిలేటి ఊర్లోకి వచ్చినాడంట, ఎద్దు కోసరం కాకుండా రావడం అదే మొదులు. శవంకాడికి పోలా, ఏ వరస చెప్పుకొని పోతాడు. వాకిట్లో కంబగిరయ్య కూచోనుంటే నేరుగా ఆయన ముందరికి పొయ్యి నిలబడి, తువ్వాలు తీసి చంకలో పెట్టుకొని, అయ్యా, చెట్టు లేచింది అన్నాడంట. ఇంగ ఆమె మీద ఏ తప్పూ లేదు, మోసేటోళ్ళకు చెప్పు అన్నాడంట. పెద్దాయన తల ఊపినాడు. నాకు ఆడిదాకే చెప్పింది మా అవ్వ. ఆమె కూడా ఆడనే ఆపేసి, ఇంగ అడగొద్దు పో, అని నన్ను కసిరేది.