ముందుగది గోడ

వేల్స్ ఉత్తరాన, పలకరాతి గని ఉన్న ఊరు. ఎమ్లిన్, ఐర్వెన్ దంపతుల వంటగది. మేస్త్రీ హవెల్ గోడ కొలుస్తున్నాడు.

"అది కాదు బాబాయ్, తట్టి చూస్తే డొల్లగా మోగిందని ఉత్త గోడ అనుకుంటే ఎట్లా? పైగది మొత్తం దీని నెత్తినే కూర్చుంది."

"కూర్చోనీ. దూలం వేస్తావుగా? వేసి తీసెయ్."

"వేస్తా. ఎట్లా వెయ్యాలో మీరిద్దరూ ఒక మాట మీదికి రండి మరి. పైగది నేలని మోసే అడ్డకర్రలున్నాయే, వాటి కింద ఇనుప దూలం పెట్టామంటే పని సులువు. పైన చీపురుపుల్ల కూడా కదలదు. కాకపోతే దూలం జానెడు కిందికి దిగి కనబడుతుంది."

"కనబడితే కనబడనీ నాయనా. అదే వెయ్యి."

"నువ్వుండు ఐర్వెన్. ఆ రెండోది చెప్పరా."

"రెండోది కప్పులో దాచేసేది. అడ్డకర్రల్ని మధ్యకి కోసి, దూలాన్ని ఆ సందులో కూర్చోబెట్టి, కోసిన కొసల్ని దాని పక్కలకి తగిలించాలి. కప్పు చదునుగా ఉంటుంది, దూలం ఉందనే తెలీదు. కానీ పైగది నేల చెక్కలు పీకాలి. మంచం, బీరువా, అన్నీ బయటికి రావాలి."

"అదీ! పక్కవీధి ఐఫర్ ఇంట్లో వేసింది అదే. అద్దంలా ఉంది వాడి కప్పు."

"ఐఫర్ పైగదిలో వాడి పాత రేడియోలు తప్ప ఏమీ లేవు."

"మన పైగదిలో ఏమున్నాయేం?"

"టీ పొయ్యనా హవెల్?"

"టీ తర్వాత. అడిగినదానికి చెప్పు. ఎవరున్నారు మన పైగదిలో?"

"నెస్టా గది అది."

"గది సరే, నీ కూతురేదీ? తొమ్మిదేళ్లుగా ఎవరూ పడుకోని మంచానికి ప్రతి శనివారం దుప్పటి మారుస్తుందిరా మీ పిన్ని. నా దుప్పటి మార్చమంటే మాత్రం మొన్నేగా మార్చానంటుంది."

"నీ దుప్పటి మీద నువ్వు ఉమ్మేస్తావు. ఎన్నిసార్లు మార్చను?"

"పిన్నీ, బాబాయ్, నేను బండిలో కూర్చుంటా, మీరు మెల్లిగా తేల్చుకుని..."

"ఇక్కడే కూర్చో. నీ దగ్గర దాచేదేముంది, చిన్నప్పుడు బళ్లో నెస్టా పక్కన కూర్చుని చదువుకున్నవాడివి. చెప్పు, ఇంత చిన్న సంగతికి ఒక ఆడపిల్ల గదిని పీకి పారేస్తారా ఎవరైనా?"

"నన్ను ఇందులోకి లాగకు పిన్నీ."

"లాగనీ, నేను చెప్తా విను. గని దుమ్ము నా ఊపిరితిత్తుల్లో గడ్డకట్టింది. మెట్లెక్కలేను. కింద మంచం వేసుకోమన్నాడు డాక్టరు. కిందంటే ఎక్కడ? ముందుగదిలో. ఇప్పటిదాకా ఆ ముందుగదిలో ఎవరు పడుకున్నారో తెలుసా? మీ పిన్ని నాన్న, పెట్టెలో. వాళ్లమ్మ, పెట్టెలో. ఈ వీధిలో ముందుగదిలో పడుకునేది శవాలే."

"పాస్టరు గారొచ్చినా అక్కడే కూర్చోబెడతాం."

"ఆయనొచ్చేదీ ఆ శవాల కోసమేగా! ఆ గోడ లేదనుకో, అది ముందుగదే కాదు. వంటగదిలో ఓ మూల. నేను పిలిస్తే నీకు వినబడుతుంది. నువ్వు చారు కలుపుతుంటే నాకు కనబడుతుంది. ఇంతకంటే ఏమడిగాను నిన్ను?"

"గోడ తియ్యొద్దన్నానా? ఇల్లు మా నాన్న నా పేర రాసిందే అయినా తియ్యమనే అన్నాను. పైన చెక్కల జోలికి పోవద్దంటున్నాను, అంతే."

"తెల్లారి కళ్లు తెరిస్తే మొహం మీద ఇనుప దూలం. పెట్టె మూతలాగా."

"అటు తిరిగి పడుకో."

"విన్నావురా?"

"చుట్టూ చెక్క కట్టి సున్నం వేస్తే ఇనుము కనబడదు బాబాయ్. చిన్న గట్టులా ఉంటుంది. పదిరోజులకి అలవాటైపోతుంది."

"నాకు అలవాటయ్యేన్ని రోజులు మిగిలుండాలి కదరా."

"బరువు ఆగుతుందా హవెల్, కింద పెట్టేదానికి?"

"బ్రహ్మాండంగా పిన్నీ. ఇంజనీరు లెక్క కట్టి ఇచ్చాడు. కౌన్సిల్ నుంచి తనిఖీ ఆయనొచ్చి చూశాకే దూలాన్ని మూస్తా."

"అయితే అదే తెప్పించు. అయిపోయింది."

"అవలేదు. ఎవరి కోసం ఐర్వెన్ ఆ గది? ఎవరి కోసం?"

"వస్తుంది."

"రాదు."

"వస్తుంది. పెరటి తలుపు గడియ పెట్టకుండా పడుకునేది అందుకే. తట్టకుండా తిన్నగా వస్తుంది, మెట్లెక్కి పడుకుంటుంది. మాటలేమైనా ఉంటే లేచాక మాట్లాడుకుంటాం."

"రాదంటున్నా కదా."

"నీకెట్లా తెలుసు? చాపెల్లో ప్రార్థన చేయించే పెద్దమనిషి కూతురు పెళ్లి కాకుండా కడుపు తెచ్చుకుందని వానలో బయటికి నెట్టినవాడివి. అది వచ్చేదీ రానిదీ నీకెట్లా తెలుసు?"

"ఇంక మళ్లీ రాదు."

"మళ్లీనా?"

"దగ్గొస్తోంది. నీళ్లియ్యి."

"మళ్లీ అన్నావేంటి ఎమ్లిన్?"

"నీళ్లు."

"ఇవిగో, నా చేతిలోనే ఉన్నాయి. చెప్పి తాగు."

"పిన్నీ, ఆయనకి ఊపిరాడటం లేదు..."

"నువ్వు బండి దగ్గరికి వెళ్లు హవెల్. వెళ్లు నాయనా, పిలుస్తా. ఊఁ, చెప్పు."

"ఇటివ్వు ముందు."

"చెప్పు."

"వచ్చింది. చాలా? వచ్చింది. ఇటివ్వు."

"తాగు. ఎప్పుడు?"

"ఈస్టర్‌కి. నువ్వు చాపెల్లో పాటల పండక్కి పోయావు. మీ పాట ఇక్కడిదాకా వినబడుతూనే ఉంది. ముందు తలుపు తట్టింది."

"ముందు తలుపెందుకు తడుతుంది? నా కూతురు అది. ఎవరో అయ్యుంటారు."

"పరాయిదాన్ననుకుంది కాబోలు. నేను పాస్టరు పంపినవాళ్లెవరో అనుకుని తీశాను. పక్కన ఓ పాప. నీ ముక్కే."

"పాప."

"నేను లోపలికి రమ్మనలేదు, అదీ అడగలేదు. అమ్మ ఉందా అంది. లేదన్నాను. ఎట్లా ఉంది అంది. బాగానే ఉందన్నాను."

"చాపెల్ ఎంత దూరం! ఒక్క కేక... ఎవరితోనైనా కబురు పెట్టినా పాట మధ్యలో వచ్చేదాన్ని."

"నా గది ఇంకా ఉందా అంది."

"ఉందని చెప్పావు."

"కాసిని నీళ్లు పొయ్యి."

"ఉందని చెప్పావు కదా?"

"నువ్వెళ్లిన వారమే మీ అమ్మ ఖాళీ చేసేసింది, నీ బట్టలు చాపెల్ వాళ్ల పాతబట్టల సంతలో ఇచ్చేసింది అన్నాను."

"నేనా? నేనిచ్చేశానన్నావా?"

"అట్లా చూడకు. ఏడవలేదు అది. సరే అంది, పాప చెయ్యి పట్టుకుని పోయింది."

"పాప పేరేంటి?"

"అడగలేదు."

"ఏ ఊళ్లో ఉంటున్నారు?"

"అడగలేదన్నాగా. అది కనబడితే నువ్వు దాని వెనకాలే పోతావు. నాకు తెలీదా? అది, పాప, ఇంక నేనెందుకు? ఈ దగ్గేసుకుని నేనెవరి దగ్గర పడుండాలి?"

"నేనెక్కడికి పోతాను? నువ్వు దాన్ని నెట్టేసిన రోజే పోలేదు."

"అదే నేనూ అనేది. ఇప్పుడు తెలిసిపోయింది కదా, ఇంక రాదని. ఆ మంచం ఎందుకు, దుప్పట్లెందుకు? చదునుగా వేయించు. నేను పడుకుని పైకి చూసుకుంటా, నువ్వు ఇక్కడ పని చేసుకుంటుంటావు. ఇద్దరమే. బాగుంటుంది."

"సరే."

"సరేనా?"

"చెక్కలు పీకినా ఒకటే ఇంక. హవెల్! ఇటు రా నాయనా."

"తేలిందా పిన్నీ? ఏ దూలం రాసుకోను?"

"ఏదీ వద్దు."

"దూలం లేకుండా గోడ ఎట్లా తియ్యను? పైగది కింద పడుతుంది."

"తియ్యకు. గోడ ఉండనీ. దాంట్లో ఉన్న తలుపు కూడా పీకేసి ఆ సందు రాళ్లతో కట్టెయ్. ఎంత గట్టిగా పిలిచినా ఇవతలికి వినబడకూడదు. ముందు ఎమ్లిన్ మంచం అవతలికి చేర్చు."