ఆరిండా విడిదికి కొత్త పేరు

ఉగాండాలో బున్యొన్యి సరస్సు ఒడ్డున, అతిథులు లేని ఒక చిన్న విడిది. మధ్యాహ్నం వేళ వంటపాకలో కెయిరుంగి బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. కోడలు కొబుసింగ్యే ఎదురుగా ఫోను పట్టుకుని కూర్చుంది.

“ఇంకోసారి చదువు.”

“రెండుసార్లు చదివాను కదా అత్తయ్యా.”

“మళ్ళీ చదువు. చేతిలో పని ఉంటే నాకు చెవిన పడదు.”

“‘జరిగినదానికి ఎంతో చింతిస్తున్నాం. ఆ రోజు పడవ నడిపిన వ్యక్తి ఇప్పుడు మా దగ్గర పనిచెయ్యడం లేదు.’ అంతే. కింద ‘యాజమాన్యం’ అని ఉంటుంది.”

“పనిచెయ్యడం లేదు.”

“అత్తయ్యా…”

“నిజమేగా. లేడు, చెయ్యడం లేదు. అబద్ధమేం రాశావ్?”

“ఇలాగే రాయాలి. కబాలే పట్నంలో చిన్న విడిదులన్నిటికీ, అతిథులు ఫోన్లో పెట్టే ఫిర్యాదులకి జవాబులు రాసిపెట్టేది నేనే. దుప్పటి తడిగా ఉందని ఒకరు, ఎలుక కనపడిందని ఒకరు. చింతిస్తున్నాం అనాలి, ఏం మార్చామో చెప్పాలి, ఊరుకోవాలి. ఎదురు మాట్లాడకూడదు.”

“ఆ మధ్య పిట్టలు పొద్దున్నే అరుస్తున్నాయని ఎవరో రాశారన్నావ్?”

“అవును. మన విడిదికే. ఐదు చుక్కల్లో ఒక్కటే ఇచ్చి పోయాడు మహానుభావుడు.”

“ఏం చెప్పావ్ వాడికి?”

“‘పిట్టలతో మాట్లాడతాం’ అని రాశాను. మీ అబ్బాయి పడీ పడీ నవ్వాడు. పిట్టలకి నన్ను పంపిస్తావా ఏంటి అని…”

“ఆఁ. అలాగే అంటాడు. దుంపలు ఆ గిన్నెలో వెయ్యి.”

“ఎవరికోసం ఇన్ని చెక్కుతున్నారు? గదులన్నీ ఖాళీ.”

“రేపు సంత. పడవ దిగి ఎవరైనా వస్తారేమో.”

“రారు. అదే కదా నేను మొత్తుకునేది! ఫోన్లో ‘ఆరిండా విడిది’ అని కొట్టగానే ముందు వచ్చేది మన పడవెక్కిన ఆ అతిథి కుర్రాడు మునిగిపోయిన కబురు. వాడి ఫోటో. కింద వాళ్ళమ్మ రాసింది. మన గదులు, తోట, మీ రొట్టెలు ఎక్కడో అడుగున. అంతదాకా ఎవరు చూస్తారు? పేరు మార్చేద్దాం. గోడలకి రంగు వేసి కొత్త ఫోటోలు తీస్తాను. ‘పిట్టల రేవు’ అని పెడదాం. బాగోలేదూ?”

“బాగానే ఉంది.”

“మరి?”

“నా కొడుకు పుట్టిన ఏడే మీ మావయ్య ఈ విడిదికి మొదటి గది లేపాడు. ఆరిండా అంటే కాపాడతాడని. పైవాడు కాపాడతాడని రెండింటికీ అదే పెట్టుకున్నాం.”

“ఆ అర్థం కూడా ఎవడో కనుక్కున్నాడు. ‘కాపాడతాడట’ అని రాసి, పక్కన నవ్వే బొమ్మ పెట్టాడు.”

“నవ్వాడా?”

“నవ్వాడు.”

“ఎప్పుడొచ్చాడు వాడు? ఏ గదిలో ఉన్నాడు?”

“అసలు రాలేదు. ఎక్కడివాడో ఏమో.”

“మరి మావాడు తాగి ఉన్నాడని రాసిందెవరు?”

“ఎందుకత్తయ్యా ఇప్పుడు…”

“ఎవరు?”

“ఆ కుర్రాడి అమ్మే. ఆ రోజు పొద్దున మీ అబ్బాయి మెట్ల మీద కూర్చుని సొరబుర్రలోంచి తాగుతుంటే అతిథి ఎవరో చూశాట్ట. ఆవిడకి చెప్పాడు.”

“జొన్న అంబలే అది! నేనే ఇచ్చాను. పళ్ళు రాని పిల్లలకి పోస్తాం దాన్ని. ఆ మాట చెప్పలేకపోయావా?”

“చెప్పకూడదు.”

“ఏం?”

“కొడుకు పోయిన తల్లి ఆవిడ. అది సారా కాదండీ, అంబలండీ అని నలుగురూ చూస్తుండగా ఆవిడతో వాదిస్తామా? గెలిచినా ఓడినట్టే.”

“మరి నేనెవర్నే?”

“అది వాళ్ళకి తెలీదు.”

“ఏది తెలీదు?”

“‘పడవ నడిపిన వ్యక్తి’ అనే రాస్తున్నాను మొదట్నుంచీ. కొడుకని చెప్తే ఇంటివాణ్ణి వెనకేసుకొస్తున్నారంటారు. పోయాడని చెప్తే జాలికోసం చెప్తున్నారంటారు. అందుకని… ఏదీ రాయలేదు.”

“ఎదురు లంకలో చేలో ఉన్న ఆడవాళ్ళు చూశారు. గాలి లేచింది, పడవ బోర్లా పడింది. దాన్ని పట్టుకుని ఉంటే వీడు బతికేవాడు. వదిలేసి మునిగాడు. తేలాడు. ఆ పిల్లాణ్ణి వెతుక్కుంటూ మళ్ళీ మునిగాడు. ఇక చాలు, పడవ పట్టుకో పడవ పట్టుకో అని వాళ్ళు గొంతు పోయేలా అరిచారు.”

“తెలుసు. నాకు చెప్పకండి.”

“అది రాయి.”

“రాయలేను.”

“నీ చదువు ఒప్పుకోదా?”

“నా చెయ్యి ఒప్పుకోదు! పొద్దున లేచి ఫోను తీస్తాను. మొహం తెలియనివాళ్ళు తాగుబోతంటారు, హంతకుడంటారు. ఒక్కొక్కళ్ళకీ ‘మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు, యాజమాన్యం’ అని జవాబిస్తాను. నేనత్తయ్యా. అతని పెళ్ళాన్ని. ఆ బోర్డు మీద పేరు లేకపోతే తిట్టడానికి వాళ్ళకి పేరుండదు. అందుకు మార్చమంటున్నా. అతిథుల కోసమనే అనుకున్నారా మీరు?”

“రోజూనా?”

“రోజూ.”

“నాతో ఒక్క ముక్క అనలేదే.”

“అంటే మీరు తినే ఆ రెండు ముద్దలూ మానేస్తారని.”

“ఇలా రా. ఇటు కూర్చో. కళ్ళు తుడుచుకో.”

“పొగ…”

“పొయ్యే వెలిగించలేదు, పొగెక్కడిది? అమ్మాయ్, ఊళ్ళో వాడి పేరు ఎవరూ ఎత్తరు. నేనెక్కడ బాధపడతానోనని సంతలో నన్ను చూడగానే మాట మార్చేస్తారు. దారి అడిగే కొత్తవాళ్ళే పైకి అంటారు, ‘ఆరిండా ఎక్కడ’ అని. ఆ మాట చెవిన పడటానికే రేవులో నిలబడతాను.”

“వాళ్ళు కూడా రావడం మానేశారుగా.”

“మానేశారు. ఆ తల్లి పేరేంటి?”

“హిల్డే.”

“ఆవిడకి రాయి. నేను చెప్తాను, నువ్వు కొట్టు.”

“అత్తయ్యా, అక్కడ రాస్తే అందరూ చూస్తారు.”

“చూడనీ.”

“వాదన పెట్టుకోకండి.”

“వాదనెందుకే, ఆవిడా నేనూ బిడ్డల్ని ఒకే నీళ్ళకి ఇచ్చుకున్నవాళ్ళం. రాస్తున్నావా?”

“ఊఁ. చెప్పండి.”

“‘అమ్మా హిల్డే, నా పేరు కెయిరుంగి. మీ యోరిస్‌కి ఇక్కడ వండిపెట్టింది నేనే. రొట్టె అడిగి మరీ తిన్నాడు. మంచి పిల్లాడు.’”

“ఊఁ.”

“‘పడవ నడిపింది ఆరిండా. నా కొడుకు.’ కొట్టావా?”

“కొట్టాను.”

“‘వాడు తాగింది అంబలి. మీరు నమ్మకపోయినా మీమీద నాకు కోపం లేదు.’ కింద యాజమాన్యం అని పెట్టకు. ఆరిండా వాళ్ళమ్మ అని పెట్టు.”

“పెట్టాను. పంపించెయ్యనా?”

“ఆగు. ఇంకొక్క మాట.”

“చెప్పండి.”

“‘మీవాడు మీకు దొరికాడు, తీసుకెళ్ళి మీ మట్టిలో పెట్టుకున్నారు. మావాడు ఇంకా దొరకలేదు.’”