సారు ఫోటో పడ్డ పేపరు

"నాయినమ్మా, అద్దాలకు కొట్టే స్ప్రే తెచ్చిన గదా, మళ్ల ఈ పాత పేపర్లెందుకు" అంటవు. ఆ సీసా పక్కకు పెట్టి కూసో బిడ్డా, చెప్త.

అప్పుడు మన తార్నాకల ఇన్ని ఇండ్లు లేకుండె. అరవై ఏడు... కాదు, మీ నాయిన నా కడుపుల ఉన్నడంటే అరవై ఎనిమిది. లాలాపేట్ నుంచి నడుసుకుంట పోయి, యూనివర్సిటీ క్వార్టర్లల్ల ఒక ప్రొఫెసర్ సారింట్ల పని చేస్తుంటి. ఆ ఇంటికి పద్నాలుగు కిటికీలు, పద్నాలుగింటికీ నేనే దిక్కు. ఎండకాలం వట్టివేళ్ల తడకలు కట్టి తడుపాలె. వానలు పడితే కిటికీల టేకు రెక్కలు ఉబ్బి బిగుసుకపోతయి, అంచులకు కొవ్వొత్తి రుద్దాలె. చలికాలం రెక్కలు తిరిగే బందులకు నూనె పెట్టాలె. అద్దాలు మాత్రం ఏడాది పొడుగునా, ప్రతి శనివారం. ఇంత చేసినా సారు ఒక్క కిటికీ తెరువనియ్యకపోతుండె, కాగితాలు ఎగురుతయట. మెదడుకు గాలి సోకితే ఏమైతదో అని ఆయన భయం.

అద్దాలు తుడువనీకె అమ్మగారు పాత పేపర్లిస్తుండె. నాకు ఊర్ల పాస్టరమ్మ నేర్పిన అక్షరాలే, కూడబలుక్కుంట చదువుతుంటి. తడిస్తే పేపరు చదువరాదు గదా, అందుకే ముందుగాల చదివి, తర్వాత తడిపేది. ఒక సీరియల్ గూడ అట్లనే చదివిన. నడుమ వారాలు దొరకలే, ఆ పిల్లకు పెండ్లి ఎవరితోని అయిందో ఇప్పటికీ తెల్వదు. సరే, అది వేరే ముచ్చట.

ఒక శనివారం ముందటి అర్రల కిటికీ కాడ కూసొని చదువుతుంటే అమ్మగారు ఎనకనుంచి వచ్చి పట్టుకున్నది. తుడవమని పెట్టుకుంటే చదువుతున్నావా, రేపటి నుంచి రావద్దు అన్నది. మీ తాత మిల్లు బందువడి ఇంట్లనే ఉండె అప్పుడు. నా పని గూడ పోతే మా పొయ్యి వెలుగదు. కని నా నోరు ఊకుంటదా? చేతుల ఉన్న పేపరు ఆమె దిక్కు తిప్పిన. దాంట్ల సారు ఫోటో, కింద సారు వ్యాసం. ఇంట్ల పని చేసే ఆడోళ్లు గూడ చదువు నేర్వకుంటే దేశం బాగుపడదట.

"సారు మాట చదివినంక తుడువాల్నా అమ్మా, సారు మొకంతోనే తుడువాల్నా?" అన్న.

ఆమె సారును పిలిచింది. ఆయన వచ్చి కండ్లద్దాలు పెట్టుకొని వ్యాసం మొత్తం చదివిండు, ఇంకెవరో రాసినట్టు. చదివి, "చదువు మంచిదే రూతమ్మా, కానీ పని వేళల్లో కాదు" అన్నడు. అంటే దేశం బాగుపడుడు గూడ సెలవు దినం చూస్కొనే అన్నట్టు.

"సరే సారూ, ఇంటికి పట్కపోయి చదివి, శనివారం తెచ్చి తుడుస్త."

తన ఫోటో చేతుల పట్టుకొని కాదంటడా? తలకాయ ఊపిండు. పని నిలబడ్డది. ప్రతి వారం పేపర్ల కట్ట లాలాపేట్‌కు వచ్చుడు మొదలైంది. నేను చదువుతుంటే మా వాడకట్టు ఆడోళ్లు చుట్టూ కూసుంటుండె. ఆ ఒక్క వ్యాసం మాత్రం ఇంటికి తేలే. అక్కడనే తడిపి సారు కిటికీకి రుద్దిన. ఆ ఏడు ఏ కాగితం గూడ అంత మంచిగ తుడువలే.

ఏయ్, నీ చేతుల ఉన్న ఆ పేపరు ముక్క అప్పుడే తడుపకు. నా కండ్లకు పొర వచ్చింది, నువ్వు పెద్దగ చదువు. నీ కండ్లు సల్లగుండ, కింది లైను గూడ చదువు... అద్దం యాడికి పోతది...