ఎర్రగా మారని బల్బు

నా పేరు మృణాల్ ఓక్. వయస్సు 36 సంవత్సరాలు. ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతాను. పుణె, కోథ్రూడ్‌లో మూడో అంతస్తు ఫ్లాటులో నా భర్త, అత్తగారు కుసుమ్ ఓక్‌తో కాపురముంటున్నాను. నాకు పుట్టుకతోనే వినబడదు. నా భర్తకూ అంతే. నేను సైగలతో చెప్పినదాన్ని బధిరుల బడి టీచరు వసుధా పెండ్సే గారు మాటల్లో చెప్పగా సబ్‌ఇన్‌స్పెక్టరు గారు రాసుకున్నారు.

నిరుడు అత్తగారికి తుంటి ఎముక విరిగింది. అప్పటినుంచి మంచం మీదే. ఆవిడ పిలిస్తే మాకు తెలియాలని నా భర్త వైఫైతో నడిచే బల్బులు పెట్టించారు. తలగడ దగ్గరి బటన్ నొక్కితే అన్ని గదుల్లో బల్బులు ఎర్రగా కొట్టుకుంటాయి. గుమ్మం బెల్లు కొడితే నీలంగా. టీ కావాలన్నా, పేకాడాలన్నా ఆవిడ బటన్ నొక్కేవారు. "మా కోడలి చెవులు సీలింగుకి వేలాడుతుంటాయి" అని ఇంటికొచ్చినవాళ్లకు చెప్పి నవ్వేవారు.

వంటింటి బల్బుకు అప్పుడప్పుడు సిగ్నల్ పోయేది. అలాంటప్పుడు నేనే మాటిమాటికీ వెళ్లి చూసి వచ్చేదాన్ని.

మంగళవారం ఉదయం నాసిక్ నుంచి మా మరిది మందార్ వచ్చాడు. నా భర్త పని మీద షోలాపూర్ వెళ్లి ఉన్నారు. తన ఆఫీసు పనికి మా నెట్ చాలదని మందార్ పాత రౌటర్ తీసేసి కొత్తది బిగించాడు. రౌటర్ మారిస్తే బల్బులన్నీ మళ్లీ దానికి కలపాలి. భుజం తట్టి, బల్బు చూపించి అడిగాను.

"అన్నీ కలిపేశా వదినా. నువ్వెళ్లి నీ కేకు చూసుకో, మాడిపోతుంది" అన్నాడు. పెదవులు స్పష్టంగా చదివాను. తర్వాత అతను బయటికి వెళ్లిపోయాడు.

వంటింట్లో బల్బు తెల్లగా వెలుగుతోంది. కేకు మీద క్రీము పూశాను. పుట్టినరోజు పాప పేరు రాశాను. బల్బు తెల్లగానే ఉంది.

ఒంటిగంటకు పప్పన్నం కలిపి పట్టుకెళ్లాను. అత్తగారు మంచం పక్కన నేల మీద పడి ఉన్నారు. తలకు దెబ్బ. ఒళ్లు చల్లబడింది. బటన్ పిడికిట్లో ఉంది, బొటనవేలు దాని మీదే ఉంది. ఆ వేలి మీద నా వేలు పెట్టి నొక్కాను. బల్బు తెల్లగానే ఉంది.

పడ్డాక చాలాసేపు ప్రాణం ఉందని డాక్టరు చెప్పారు. పక్కింటి గోడ్బోలే పిన్ని ఏడ్చింది. "అరుపు విని బెల్లు కొట్టానే తల్లీ, ఎంతసేపు కొట్టానో! తలుపు తీయకపోతే ఇంట్లో లేవనుకున్నా" అంది. నాకు నీలం కూడా కనబడలేదు.

బల్బులు బాగానే ఉన్నాయని, వదినే పట్టించుకోలేదని మందార్ ఇక్కడ స్టేషన్లో చెప్పినట్టు తెలిసింది. నా భర్త కూడా ఒకటే అడిగారు, "నువ్వు చూడలేదా?" అని. చూశాను. చూస్తూనే ఉన్నాను.

నిన్న మధ్యాహ్నం వంటింటి బల్బు ఎర్రగా కొట్టుకుంది. గిన్నె వదిలేసి పరుగెత్తాను. వస్తున్నా అత్తయ్యా అని చేతులతో చెబుతూనే పరుగెత్తాను. ఖాళీ మంచం పక్కన మందార్ ఉన్నాడు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో బటన్.

"ఇప్పుడు కలిశాయి వదినా" అన్నాడు.

తర్వాత తల వంచుకుని ఇంకేదో అన్నాడు. పెదవులు కనబడలేదు కనుక ఏమన్నాడో నేను చెప్పలేను.

పై సంగతులన్నీ టీచరు గారు సైగలతో నాకు తిరిగి చెప్పారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. అందులో అబద్ధం లేదు.

(సంతకం) మృణాల్ ఓక్