తాలుకాయల బ్యాండు

కోటేష్ నోరు విప్పాడంటే ఎదుటివాడి చేతిలో టీ చల్లారాల్సిందే. బ్రాడీపేటలో యలమందయ్య టీ కొట్టుకి వచ్చేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. తెలియనిది ఆ పొద్దు ఒక్క మొహిద్దీన్ బాషా గారికే. ఆయనది మైకు సెట్ల వ్యాపారం. గుంటూరు చుట్టుపక్కల ఏ కాలేజీలో వార్షికోత్సవం జరిగినా స్టేజీ ఆయనదే, దాని మీద ఎవరు పాడితే బాగుంటుందో చెప్పేదీ ఆయనే. ఆదివారం ఒక కాలేజీలో పాడాల్సిన ఆర్కెస్ట్రా వాళ్ళు రామన్నారని తెలిసి కోటేషూ, అతని బ్యాండులో ఉన్న రఘురామూ ఆయన్ని టీకి పిలుచుకొచ్చారు. దారిలో రఘురామ్ మరీ మరీ చెప్పాడు, ఛాన్సు ఇమ్మని మాత్రమే అడగరా, కోతలు వద్దు అని. కోటేష్ సరేనన్నాడు. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు పాపం.

బాషా గారు గ్లాసు అందుకుని, మీ బ్యాండు ఎట్లా మొదలైంది బాబూ అని మాటవరసకి అడిగారు.

"పెద్దగా చెప్పుకునేదేం లేదండీ. నేను, వీడు, మా ఊరి అమ్మాయి శ్రీరమ్య, ముగ్గురం ఇక్కడే కోచింగ్ సెంటర్లో చేరాం. ర్యాంకులు రాలేదు. ఊరెళ్ళేసరికి కల్లంలో మిరపకాయలు ఏరుతున్నారు. ఎర్రకాయ ఒక పక్క, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయ ఒక పక్క. మా నాన్న ఆ తాలు కుప్పని చూసి, నన్ను చూసి, నీకూ దానికీ తేడా ఏంట్రా అన్నాడు. అంతే, బ్యాండుకి పేరు దొరికింది. తాలుకాయలు."

బాషా గారు నవ్వారు. ఆ నవ్వు చూశాక కోటేష్‌ని ఆపడం ఎవరి తరం?

"మాకు డ్రమ్ములు ఎక్కడివండీ? పురుగుమందు కలిపే నీలం డ్రమ్ముని బోర్లించి వాయించా. మొదటి దెబ్బకి మా పత్తి చేలో తెల్లదోమ మొత్తం లేచిపోయింది, మళ్ళీ ఆ ఏడు వాలితే ఒట్టు. ఆ తర్వాత ఏం జరిగిందనుకున్నారు? పక్క రైతులు వరస కట్టారండీ, మా గట్టు మీద కూడా ఓ పాట వాయించి పో నాయనా అని."

"అయితే ఊళ్ళో మందుల కొట్లు మూతపడాలే" అన్నాడు యలమందయ్య, టీ వడపోస్తూ.

"పడ్డాయి బాబాయ్. వాళ్ళిప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకుంటున్నారు."

రఘురామ్ కాలు తొక్కాడు. కోటేష్ కాలు పక్కకి జరుపుకుని సాగించాడు. ప్రాక్టీసంతా రఘురామ్ వాళ్ళ మిరపకాయల షెడ్డులోనేనట. చుట్టూ కాయలు కుక్కిన టిక్కీ బస్తాలు, మధ్యలో ఊళ్ళో మూలపడ్డ పాత స్పీకర్లు. వీళ్ళ పాట మొదలవగానే ఊరి చివర జిన్నింగు మిల్లు తన చప్పుడు మర్చిపోయి వీళ్ళ తాళానికి తిరిగేదట. నెమ్మది పాటకి దూది మంచులా జారేదట, జోరు పాటకి గింజలు రోడ్డు దాటి అవతల చేలో పడి మొలిచేవట. మిల్లు ఓనరు వచ్చి, బాబూ ఒక్క గంట ఆగండి, మోటారుకి రొప్పు వస్తోంది అని బతిమాలాడట.

"మోటారుకి రొప్పా?" అన్నారు బాషా గారు.

"నేనూ నమ్మలేదండీ. వెళ్ళి చెయ్యి పెట్టి చూశా. ఒళ్ళు కాలిపోతోంది దానికి."

బల్ల చివర అటు తిరిగి కూర్చున్న ఒకావిడ టీ ఊదుకోవడం ఆపి మళ్ళీ ఊదుకుంది. ఆవిడ కొంగులో పళ్ళ డాక్టరు ఇచ్చిన మందులున్నాయి. కోటేష్ అటు చూడలేదు.

"ఇక మొదటి ప్రోగ్రాం. మా ఊరి కల్లంలోనే పెట్టాం. శ్రీరమ్య సొంతంగా కట్టిన పాట. గుంటూరు పోయే పల్లెవెలుగు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డ పిల్ల, ఆగకుండా పోయే బస్సు. అంతే పాట. మొదటి చరణం అవకముందే ముందు వరస కళ్ళు తుడుచుకుంది. రెండో చరణానికి సర్పంచి, ఆయన గేదె, రోడ్డు మీద ఆగిన బస్సులో జనం, డ్రైవరు, అందరూ ఏడుపేనండీ. ఆ నీళ్ళు వాగులో పడ్డాయి, వాగు కృష్ణలో పడింది, అమరావతి రేవులో మెట్లు మునిగాయి. వాన చుక్క లేకుండా వరదేంటని ఆఫీసర్లు జుట్టు పీక్కున్నారు."

కొట్టంతా నవ్వింది. కోటేష్ మాత్రం నవ్వలేదు. దోమలూ, మిల్లూ, వరదా అప్పటికప్పుడు అల్లినవని అతనికీ తెలుసు. కానీ ఏడుపు నిజం. డ్రమ్ముల వెనకనుంచి కళ్ళారా చూశాడు. తన అన్ని కోతల కిందా అతను దాచుకున్న ఒక్క నిజం అదే, దాన్ని తలుచుకునే ఇంట్లో తలెత్తుకు తిరుగుతున్నాడు.

"మా నాన్న ఏడ్చాడండీ" అన్నాడు, గొంతు తగ్గించి. "తాలుకాయ అన్న మనిషి, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు."

"ఏడ్చాడా, నీ మొహమా" అంది బల్ల చివరావిడ, ఇటు తిరిగి.

వెంకటేశ్వరమ్మ. వాళ్ళ ఊరే, వాళ్ళ కల్లంలోనే మిరపకాయలు ఏరే మనిషి.

"ఆ స్పీకర్లు సీజనంతా షెడ్డులో ఉన్నాయి కదరా. లోపలంతా కారపు దుమ్మే. నువ్వు డ్రమ్ము మీద ఒక్కటేస్తే అవి బుస్సున ఊదాయి, గాలి జనం వైపు. ఇంక ఏడవక ఏం చేస్తారు? ఒకటే తుమ్ములు, దగ్గులు. మూడో పాటకి కల్లం ఖాళీ. నువ్వేమో కళ్ళు మూసుకుని బాదుతున్నావు."

బాషా గారు టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వారు. యలమందయ్య పొయ్యి పక్కన బల్ల పట్టుకుని నవ్వాడు. రఘురామ్ తల దించుకున్నాడు. కోటేష్‌కి ఆదివారం ఛాన్సు పోయినందుకు కాదు బాధ, నాన్న కన్నీళ్ళు అబద్ధమైపోయినందుకు.

"నాన్న కూడా లేచెళ్ళిపోయాడా అత్తా?"

"నేను లేచెళ్ళలేదు, మాకు ఆ ఘాటు అలవాటే. పైగా ఆ బస్సు కోసం రోజూ నిలబడేదాన్ని, ఆ పిల్ల ఏం చెబుతుందో విందామని కూర్చున్నా." ఆవిడ కొంగు సర్దుకుంది. "మీ నాన్న లేచాడు. బోరింగు కాడికెళ్ళి కండువా తడుపుకుని, మూతికి కట్టుకుని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఆఖరి పాట దాకా. కళ్ళు ఎర్రగా అయిపోయాయి, పోదాం పదన్నా అని నేనంటే చేత్తో ఆగమన్నాడు."

కోటేష్ నోరు తెరిచాడు, అతని నోట్లోంచి ఒక్క మాట రాలేదు. ఆ కొట్టు పెట్టినప్పటినుంచి అట్లాంటి వింత చూడలేదని యలమందయ్య ఇప్పటికీ చెబుతాడు.

బాషా గారు లేచి బండి తాళాలు తీసుకున్నారు.

"ఆదివారం వచ్చేయండి. ఆ బస్సు పాటతోనే మొదలుపెట్టండి. స్పీకర్లు మాత్రం నావి" అని, రెండడుగులు వేసి ఆగారు. "మీ నాన్నని కూడా తీసుకురా. ఈసారి కండువా తడపక్కర్లేదని చెప్పు."