వాన అయితే ఇస్తాం

వరద తీసి కొద్దిరోజులే అయింది. బీమా కంపెనీల మీద నిఘా పెట్టే ఆఫీసులో, తలుపు వేసిన గది. బల్లకి ఇవతల అధికారిణి, అవతల ఒక బీమా కంపెనీ చైర్మన్.

“...మూసెయ్యండి మేడమ్. నేనే చెబుతున్నాగా, మా కంపెనీ మూసెయ్యండి!”

“కూర్చుని చెప్పండి చైర్మన్ గారూ. మూసెయ్యమని బతిమాలే యజమానిని ఇప్పుడే చూస్తున్నాను.”

“ఏం చెయ్యమంటారు? ఊరు ఊరంతా మునిగింది. కొట్లు, గోడౌన్లు, కార్లు... అందరూ ఒక్కసారే మీద పడితే ఎక్కణ్ణించి తెచ్చిస్తాం? బీమా అంటేనే అందరికీ ఒకేసారి మునగదన్న ధైర్యం కదా!”

“మునిగే రోజు కోసమే వరద నిధి పెట్టమన్నారు.”

“పెట్టాం.”

“పెట్టారు. తరవాత?”

“తరవాత... ఏళ్ళ తరబడి వరదన్నదే లేదు మేడమ్. ఊరికే పడుందని తగ్గించమన్నాం. మీ ఆఫీసే సరేనంది. అంతా రూలు ప్రకారమే.”

“తగ్గించగా మిగిలిందేమైంది?”

“వాటాదారులకి పంచాం.”

“వాటాదారులంటే?”

“అందరూ.”

“అందరూ అంటే?”

“నేను. మా తమ్ముడు. మా ఆవిడ. ఇప్పుడవన్నీ ఎందుకండీ! వరద నేను తెచ్చానా?”

“తేలేదు. జనం ఏరు దాటకముందే తెప్ప తగలేశారు, అంతే.”

“అనండి. మాటలు పడ్డానికే వచ్చాను. ఉన్నదేదో జనానికి పంచెయ్యండి.”

“ఉన్నది ఎంతమందికొస్తుంది?”

“పదిమందిలో ఒకరికి... అదీ సగం. నాకు మాత్రం బాధ లేదా? కంటిమీద కునుకుంటే ఒట్టు.”

“మా నాన్నకీ ఉండేది కాదు.”

“ఎవరండీ ఆయన?”

“బస్టాండు వెనక పరుపుల కొట్టు. మీ కంపెనీ పాలసీయే. అప్పట్లో మీరు చైర్మన్ కాదు, క్లెయిముల గదిలో కూర్చునేవారు. పాత వరదలో దూది నీళ్ళు తాగి, నలుగురు పట్టినా ఒక్క పరుపు కదల్లేదు. ఉబ్బిపోయి తలుపుకి అడ్డం పడ్డాయి. కిటికీలోంచి దిగాం లోపలికి. నాన్న మీ దగ్గరికొస్తే ఏమన్నారో గుర్తుందా?”

“ఎంతోమంది వస్తుంటారు...”

“‘నీళ్ళు పైనుంచి పడితే వాన, ఇస్తాం. కిందనుంచి లేస్తే వరద, ఇవ్వం’ అన్నారు. ‘వాన పడకుండా వరదెలా వస్తుంది బాబూ’ అన్నాడు నాన్న. మీరు నవ్వారు.”

“నవ్వానా?”

“పక్కబల్ల ఆయన్ని పిలిచి, చెప్పి మరీ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. పెద్దమనిషి నవ్వుతుంటే మనం ఊరుకుంటే బాగోదని.”

“...ఇప్పుడు ఆయన?”

“లేడు. మళ్ళీ కొట్టు తెరవలేదు. ఇంకొకళ్ళ కొట్లో పరుపులు కుట్టి కుట్టి, నడుం విరిగి, అలాగే పోయాడు.”

“అమ్మా, అప్పటి రూలు అది. వరదకి కూడా ఇవ్వాలని చట్టంలో లేదు.”

“లేదు. ఈ ఉద్యోగంలోకొచ్చి నేను మొదట పట్టుబట్టి మార్పించింది దాన్నే.”

“అంటే... ఇదంతా పగా?”

“పగే. ఎందుకబద్ధం? నాన్న సంగతి పైవాళ్ళకి చెప్పే ఈ కేసులో కూర్చున్నాను. సంతకాలు నావి ఒక్కదానివే కావు.”

“అయితే తీర్చుకో తల్లీ! మూసెయ్. నీ చేత్తోనే తాళం వెయ్. పేపర్లో వేయించు, టీవీలో చెప్పించు. నా పరువు పోతుంది, నీ కడుపు చల్లబడుతుంది.”

“అంత తొందరేం?”

“తొందరేముంది...”

“మీ వకీలు పొద్దుట్నించి ఫోన్ మీద ఫోను. ఇవాళే మూయించమని.”

“జనం కోసం...”

“జనం కోసమా, కొత్త రూలు కోసమా?”

“ఏ కొత్త రూలు?”

“వరద నిధి పంచుకున్నవాళ్ళు సొంత ఆస్తులమ్మైనా తిరిగి నింపాలన్నది. నడుస్తున్న కంపెనీకే అది. మూతపడితే మిమ్మల్ని అంటుకోదు. సోమవారం నుంచి అమలు.”

“గదిలో గాలాడట్లేదమ్మా...”

“మంచినీళ్ళు కావాలా?”

“చూడమ్మా... మీ నాన్నకి రావలసింది, దానికి పదింతలు, ఇప్పుడే, ఇక్కడే...”

“చెయ్యి జేబులోంచి తియ్యండి.”

“మూసెయ్యవా? నన్ను చూస్తే ఒళ్ళు మండట్లేదా నీకు?”

“మండుతోంది. వచ్చిన మొదటిరోజునించీ మూసెయ్యాలనే ఉంది. ఆ రూలు చదివాక మానేశాను. సంతకాలు పొద్దున్నే అయిపోయాయి చైర్మన్ గారూ. మూసెయ్యమన్న మీ అర్జీ ఒప్పుకోలేదు. సోమవారం మీ కంపెనీ తెరిచే ఉంటుంది. తాళం పడేది మీ ఇంటికి.”